హైదరాబాద్ చుట్టుపక్కల రిసార్టుల్లో బందీలైన వన్యప్రాణులను విడిపించాలంటే ఏం చేయాలి?

చేవెళ్ల రోడ్డు, మొయినాబాద్, శామీర్‌పేట, ఘట్‌కేసర్. ఆదివారం పూట హైదరాబాద్ నుంచి ఎటు వెళ్లినా ఏదో ఒక రిసార్టు ఉంటుంది. వాటిలో కొన్నిట్లో స్విమ్మింగ్ పూల్ పక్కనే ‘మినీ జూ’ అని బోర్డు కనిపిస్తుంది. భుజం మీద పెద్ద విదేశీ చిలక మకావ్‌ను కూర్చోబెట్టుకుంటే ఒక రేటు, మెడలో పాము వేసుకుంటే ఇంకో రేటు. మైక్‌లో పాటలు మోగుతూనే ఉంటాయి, ఎండ నెత్తి మీద ఉంటుంది, ఆ పక్షి సాయంత్రం దాకా చేతులు మారుతూనే ఉంటుంది.

అలాంటివి చూసి ఊరుకోలేక, ఏం చేయాలో తెలియక ఆగిపోయిన వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఉద్యోగం చేసుకుంటూ, ఇల్లు చూసుకుంటూ, నలుగురైదుగురు స్నేహితులతో చేయగలిగిన పనే ఇది. సంస్థ పెట్టాల్సిన అవసరం లేదు. ఓపిక మాత్రం కావాలి, ఎందుకంటే సగం పని ఆఫీసుల చుట్టూ తిరగడమే.

ముందు ఒక్క చోటు, ఒక్క జంతువు ఎంచుకోండి

‘జంతువుల మీద హింస ఆపాలి’ అని రాస్తే ఏ అధికారీ ఏమీ చేయలేడు. ‘ఫలానా గ్రామంలోని ఫలానా రిసార్టులో ఉన్న రెండు నక్షత్ర తాబేళ్లను అటవీ శాఖ స్వాధీనం చేసుకుని రెస్క్యూ సెంటర్‌కు పంపాలి’ అని రాస్తే ఆ కాగితం ఒక అధికారి టేబుల్ మీదికి చేరుతుంది. ఆయన దానికి జవాబు చెప్పాలి.

పాకిస్తాన్‌లోని ఇస్లామాబాద్ జూలో కావన్ అనే ఏనుగు ఉండేది. 1985లో శ్రీలంక నుంచి బహుమతిగా వచ్చింది. తోడు ఏనుగు చనిపోయాక ఒంటరిగా మిగిలింది. దాని కోసం ప్రచారం ఏళ్ల తరబడి సాగింది. అడిగింది మాత్రం ఒక్కటే, ఈ ఏనుగును మంచి చోటికి పంపండి అని. 2020 మే నెలలో ఇస్లామాబాద్ హైకోర్టు ఆ ఏనుగుతో పాటు జూలోని మిగతా జంతువులను కూడా తరలించమని ఆదేశించింది. నవంబరు చివర్లో కావన్ కంబోడియా చేరింది. ఒక్క జంతువు కోసం మొదలైన పోరాటం ఆ జూ గేట్లు మూయించేదాకా వెళ్లింది.

నెహ్రూ జూలాజికల్ పార్కును మాత్రం ఈ లెక్కలోకి తేకండి. అది జూలను పర్యవేక్షించే కేంద్ర సంస్థ సెంట్రల్ జూ అథారిటీ గుర్తింపు ఉన్న జూ. అక్కడ ఏదైనా జంతువు పరిస్థితి బాగోలేదనిపిస్తే క్యూరేటర్‌కు, అథారిటీకి రాయాలి, ఆ దారి వేరు. అసలు జూలు ఉండాలా వద్దా అన్నది పెద్ద చర్చ. దాన్ని రిసార్టు గొడవతో కలిపితే రెండూ తేలవు. పైగా మీరు విడిపించిన జంతువును ఉంచడానికి అటవీ శాఖ మొదట చూసేది జూ దగ్గరున్న రెస్క్యూ సెంటర్ వైపే.

అది ఏ జాతో తేల్చుకోండి

కేసు బలం ఎంతో ఇక్కడే తెలిసిపోతుంది. ఫొటో తీసి, పక్షులు, పాముల గురించి బాగా తెలిసిన వాళ్లకు చూపించి జాతి ఖాయం చేసుకోండి. పాముల విషయంలో నగరంలోని ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్లకు మంచి అనుభవం ఉంది. జాతి తెలిశాక అది కింది మూడు రకాల్లో దేనిలోకి వస్తుందో చూడండి.

మొదటిది మన దేశపు వన్యప్రాణులు. నక్షత్ర తాబేలు, నెమలి, కృష్ణజింక వంటివి వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని షెడ్యూల్ 1లో, అంటే ఎక్కువ రక్షణ ఉన్న జాతుల జాబితాలో ఉన్నాయి. చిలక జోస్యం వాళ్ల దగ్గర ఉండే మన మామూలు రామచిలక షెడ్యూల్ 2లో ఉంది. వీటిని పట్టుకోవడం, అమ్మడం నేరం. ‘చిన్నప్పుడు మా ఇంట్లోనూ చిలక ఉండేది కదా’ అని మీ మేనత్తే అనొచ్చు. నిజమే, ఉండేది, అయినా అది నేరమే. షెడ్యూల్ 1 జంతువు విషయంలో నేరం రుజువైతే 3 నుంచి 7 ఏళ్ల జైలు, కనీసం 25,000 రూపాయల జరిమానా.

రెండోది విదేశీ జంతువులు: మకావ్, ఆఫ్రికన్ గ్రే చిలక, ఇగ్వానా అనే పెద్ద బల్లి, బాల్ పైథాన్ అనే కొండచిలువ. ‘ఇవి ఫారిన్ సార్, మన చట్టం వర్తించదు’ అని యజమానులు ధీమాగా చెప్పే రోజులు పోయాయి. 2022లో చట్టాన్ని సవరించి, అంతర్జాతీయ వ్యాపారంలో నియంత్రణ ఉన్న జాతులను షెడ్యూల్ 4లో చేర్చారు. ఆ సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం అలాంటి జంతువులు ఉన్నవాళ్లు కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో రిజిస్టర్ చేయించుకోవాలి. అందుకే ఇక్కడ మీ ప్రశ్న, ‘రిజిస్ట్రేషన్ ఉందా?’

మూడోది ఏ షెడ్యూల్‌లోనూ లేనివి. ఈము పక్షి, ఉడుతలా ఉండే షుగర్ గ్లైడర్ లాంటివి. వీటికి ముఖ్యంగా మిగిలేది జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం, 1960. ఆ చట్టంలో మొదటిసారి నేరానికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. అచ్చుతప్పు అనుకోకండి, ఇప్పటికీ అంతే. ఇరానీ చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లకు సరిపోయే డబ్బు. కాబట్టి ఒకే చోట మూడు రకాలూ ఉంటే మీ ఫిర్యాదును మొదటి రకంతో మొదలుపెట్టండి. దాన్ని పట్టుకోవడానికి వచ్చిన అధికారులు మిగతావాటినీ చూస్తారు.

వీటితో పాటు ఇంకో రెండు సంగతులు గుర్తుంచుకోండి. సెంట్రల్ జూ అథారిటీ గుర్తింపు లేకుండా ఎవరూ జూ నడపకూడదు. చట్టంలో జూ అంటే జనానికి చూపించడానికి బందీ జంతువులను ఉంచే ఏ చోటైనా, ఒక చోట ఉండేదైనా సరే, ఊరూరూ తిరిగేదైనా సరే. విదేశీ జాతులు కూడా ఇప్పుడు షెడ్యూల్‌లోకి వచ్చాయి కాబట్టి, మకావ్‌లు పెట్టి టికెట్ వసూలు చేసే రిసార్టు కూడా జూ కిందికే వస్తుందని గట్టిగా వాదించొచ్చు. గుర్తింపు పొందిన జూల జాబితా అథారిటీ వెబ్‌సైట్‌లో ఉంటుంది, ఒక్కసారి చూసుకోండి.

ఇక ఆడించడం సంగతి. ఎలుగుబంటి, కోతి, పులి, చిరుత, సింహం, ఈ ఐదింటినీ ప్రదర్శనల్లో ఆడించకూడదని 1998లో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. సర్కస్ వాళ్లు సుప్రీంకోర్టుకు వెళ్లినా 2001లో ఓడిపోయారు. డాల్ఫిన్ షోలకైతే 2013 నుంచి అనుమతే లేదు. ఎవరైనా మన ఊళ్లో డాల్ఫిన్ పార్కు కడతామని ప్రకటిస్తే, ఆ ఏడాది మే నెలలో వచ్చిన సర్క్యులర్ కాపీ తీసి చూపించండి.

ఆధారాలు ఎలా సేకరించాలి

టికెట్ కొనుక్కుని, అందరిలాగే గేటులోంచి లోపలికి వెళ్లండి. రాత్రిపూట గోడ దూకడం, డ్రోన్ ఎగరేయడం వద్దు. కేసు వాళ్ల మీద పడాల్సింది పోయి మీ మీద పడుతుంది. టికెట్, యూపీఐ పేమెంట్ స్క్రీన్‌షాట్ దాచుకోండి. ఆ తేదీన మీరు అక్కడున్నారని చెప్పేవి అవే.

వీడియోను గేటు బోర్డు దగ్గర మొదలుపెట్టి, ఆపకుండా జంతువు దాకా తీయండి. మధ్యలో కట్ చేస్తే ‘అది మా దగ్గరది కాదు’ అనడానికి వాళ్లకు సందు దొరుకుతుంది. నీళ్లు ఉన్నాయా, నీడ ఉందా, గొలుసు ఎంత పొడవు, రెక్కలు కత్తిరించారా అన్నవి కనిపించాలి. పక్షి తన ఈకలు తానే పీక్కుంటున్నా, ఏనుగు ఒకే చోట నిలబడి ఊగుతున్నా, జంతువు బోనులో అదే దారిలో అటూ ఇటూ తిరుగుతున్నా కాసేపు ఫోన్ కదపకుండా తీయండి. అవి బందీ జీవితంలో వచ్చే ఒత్తిడికి గుర్తులు. ఎంతసేపు అలా చేసిందో టైమ్‌తో సహా రాసుకోండి. చుట్టూ ఉన్న పిల్లల మొహాలు వీడియోలో పడకుండా చూసుకోండి.

అక్కడ పనిచేసే కుర్రాడితో మామూలుగా మాట్లాడండి.

‘అన్నా, ఈ తాబేళ్లు ఎక్కడివి?’

‘మా సార్ తెచ్చిండన్నా. పోయినేడాది ఐదుండే, ఇప్పుడు రెండే ఉన్నయ్.’

ఈ ఒక్క మాటలో మీకు మూడు ప్రశ్నలు దొరుకుతాయి: ఎవరు తెచ్చారు, ఎక్కడి నుంచి, మిగతా మూడు ఏమయ్యాయి? కానీ ఆ కుర్రాడి పేరు, మొహం ఎక్కడా బయటపెట్టకండి. జీతం పోయేది అతనికే.

వాళ్ల సొంత ఇన్‌స్టాగ్రామ్ రీల్స్‌ను మర్చిపోవద్దు. చాలాచోట్ల యజమానులే తమ జంతువుల వీడియోలు రేట్లతో సహా పెట్టుకుంటారు. వాటిని స్క్రీన్ రికార్డ్ చేసి, లింకు, తేదీ రాసి పెట్టండి. మీరు ఎంత కష్టపడి తీసిన వీడియో అయినా దాని ముందు తక్కువే.

అసలు ఫైళ్లను ఎడిట్ చేయకండి. వాట్సాప్‌లో పంపితే క్వాలిటీ పోతుంది, తేదీ వివరాలూ పోతాయి. అందుకే పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ ఉంచండి. 2025 ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల గొడవ గుర్తుండే ఉంటుంది. చెట్ల నరికివేతను సుప్రీంకోర్టు ఆపించింది, అక్కడ నెమళ్లు, జింకలు ఉన్న మాటా నిజమే. కానీ ఎవరో ఏఐతో తయారుచేసిన బొమ్మలు కొన్ని వైరల్ కావడంతో, వాటిని షేర్ చేసిన వాళ్లకు పోలీసు నోటీసులు వెళ్లాయి. కొన్నాళ్లు చర్చంతా అడవి మీంచి బొమ్మల మీదికి మళ్లింది. నిజమైన ఫొటో మసగ్గా ఉన్నా ఫర్వాలేదు, దాన్ని ‘బాగు’ చేయకండి.

ఫిర్యాదుకు ముందే తేల్చుకోవాల్సింది: అది ఎక్కడికి వెళ్తుంది?

ప్రచారం చేసేవాళ్లు ఎక్కువగా ఈ ప్రశ్న దాటేస్తారు. నా దృష్టిలో మిగతా అన్నిటికంటే ఇదే ముఖ్యం.

థాయ్‌లాండ్‌లో పర్యాటకులు పులులతో ఫొటోలు దిగే ఒక బౌద్ధాలయం ఉండేది. 2016లో ప్రభుత్వం అక్కడి నుంచి 147 పులులను స్వాధీనం చేసుకుంది. ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది. మూడేళ్లు తిరిగేసరికి వాటిలో 86 ప్రభుత్వ కేంద్రాల్లోనే చనిపోయాయని తేలింది. దగ్గరి సంబంధాల్లో పుట్టి బలహీనపడిన పులులకు రోగాలు తోడయ్యాయి. ఆ గుడిలో వాటి బతుకు ఘోరమే, తీసుకురావడం సరైనదే. కానీ తెచ్చాక అన్ని పులులను సాకే ఏర్పాటు ఉండాలి కదా.

‘అడవిలో వదిలేయండి’ అన్న మాట వినడానికి బాగుంటుంది. 1979లో ఐస్‌లాండ్ దగ్గర పిల్లగా ఉన్నప్పుడు పట్టిన కీకో అనే ఓర్కా తిమింగలాన్ని, కోట్లు ఖర్చుపెట్టి, ఏళ్ల తరబడి తర్ఫీదు ఇచ్చి 2002లో సముద్రంలోకి పంపారు. అది నార్వే తీరానికి వెళ్లి మళ్లీ మనుషుల దగ్గరికే చేరింది. 2003 డిసెంబరులో న్యుమోనియాతో చనిపోయింది. అంత డబ్బు, అంత శ్రద్ధ పెట్టిన చోటే అలా జరిగితే, రిసార్టు బోనులో పెరిగినదాన్ని వికారాబాద్ అడవిలో వదిలితే ఏమవుతుందో ఊహించుకోండి. ఇగ్వానాలాంటి విదేశీ జంతువును బయట వదలడం ఇక్కడి జీవాలకు కూడా ముప్పే. రెక్కలు కత్తిరించిన చిలకకు అవి మళ్లీ పెరిగేదాకా కాకులు, పిల్లుల నుంచి కాపలా కావాలి. కాబట్టి అర్ధరాత్రి వెళ్లి పంజరం తలుపు తీసే ఆలోచన మీ గ్రూపులో ఎవరికైనా ఉంటే అక్కడే ఆపేయండి.

మన దగ్గరే మంచి నమూనాలు ఉన్నాయి. సర్కస్‌ల నుంచి వచ్చిన సింహాలు, పులులను ఉంచడానికి విశాఖపట్నం, తిరుపతి జూల దగ్గర రెస్క్యూ సెంటర్లు పెట్టారు. అవి అడవిలో పెరిగినవాటిలా వేటాడలేవు, కాబట్టి అడవి మాట ఎవరూ ఎత్తలేదు. వాటికి పిల్లలు పుట్టకుండా చూసి, ముసలితనం దాకా తిండి, వైద్యం ఇచ్చి సాకారు. ఆడించిన ఎలుగుబంట్ల సంగతీ అంతే. వైల్డ్‌లైఫ్ ఎస్‌ఓఎస్ సంస్థ 600కు పైగా ఎలుగుబంట్లను ఆగ్రా, బన్నేరుఘట్ట లాంటి చోట్ల ఉన్న కేంద్రాలకు చేర్చింది. వాటిని ఆడించి బతికే కలందర్ కుటుంబాలకు వేరే ఉపాధి చూపించింది, పిల్లలను బడిలో వేయించింది. 2009 నాటికి వీధుల్లో ఎలుగుబంటి ఆట ఆగిపోవడానికి ఆ రెండో పని కూడా అంతే కారణమని నేను అనుకుంటాను.

అందుకని ఫిర్యాదు రాసే ముందే నెహ్రూ జూ రెస్క్యూ సెంటర్‌లో ఆ జాతికి చోటుందా అని అడగండి. బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్ లాంటి జంతు సంక్షేమ సంస్థలతో మాట్లాడి పశువైద్య సాయం దొరుకుతుందేమో కనుక్కోండి. జంతువును స్వాధీనం చేసుకునేది మామూలుగా అటవీ శాఖే, అయినా ‘ఎక్కడ పెట్టమంటారు?’ అని ఆఫీసర్ అడిగినప్పుడు మీ దగ్గర జవాబు ఉంటే ఫైలు కదులుతుంది.

ఫిర్యాదు రాయండి, ఫేస్‌బుక్‌లో మాత్రం ఇప్పుడే పెట్టకండి

వరుస తప్పొద్దు. ముందు సోషల్ మీడియాలో పెడితే ఆ రాత్రే జంతువులు మాయమవుతాయి. తెల్లారి అధికారులు వెళ్లేసరికి ఖాళీ బోను, కడిగిన నేల ఉంటాయి.

రిసార్టు ఏ జిల్లాలో ఉందో ఆ జిల్లా అటవీ అధికారికి, అంటే డీఎఫ్‌ఓకు రాయండి. ఊరి చుట్టూ రంగారెడ్డి, మేడ్చల్–మల్కాజిగిరి, సంగారెడ్డి హద్దులు దగ్గరదగ్గరగా ఉంటాయి, మండలం సరిగ్గా చూసుకోండి. ‘మా పరిధి కాదు’ అన్న మాటతో నెల రోజులు పోతాయి. కాపీలు సైఫాబాద్ అరణ్య భవన్‌లోని చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు, సెంట్రల్ జూ అథారిటీకి పంపండి. అమ్మకం, రవాణా కూడా ఉందనిపిస్తే వైల్డ్‌లైఫ్ క్రైమ్ కంట్రోల్ బ్యూరోకు కూడా ఒకటి పంపండి. ఉత్తరం ఇలా ఉంటే చాలు:

‘విషయం: … మండలం, … గ్రామంలోని … రిసార్టులో నక్షత్ర తాబేళ్లను ప్రదర్శనకు ఉంచడం గురించి.

అయ్యా/అమ్మా, … తేదీన ఉదయం … గంటలకు నేను టికెట్ కొనుక్కుని పై రిసార్టుకు వెళ్లాను. గేటుకు ఎడమవైపు ఉన్న గాజు పెట్టెలో రెండు నక్షత్ర తాబేళ్లను చూశాను. వాటిని చేత్తో పట్టుకుని ఫొటో దిగడానికి ఒక్కొక్కరి దగ్గర … రూపాయలు తీసుకుంటున్నారు. ఈ జాతి వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 షెడ్యూల్ 1లో ఉంది. సెంట్రల్ జూ అథారిటీ గుర్తించిన జూల జాబితాలో ఈ రిసార్టు పేరు లేదు. దయచేసి ముందుగా సమాచారం ఇవ్వకుండా తనిఖీ చేసి, తాబేళ్లను స్వాధీనం చేసుకుని, పశువైద్య పరీక్ష చేయించి రెస్క్యూ సెంటర్‌కు తరలించగలరు. నా వివరాలు గోప్యంగా ఉంచగలరు. జతపరిచినవి: వీడియో ఉన్న పెన్‌డ్రైవ్, టికెట్ నకలు.’

ఉత్తరంలో మీరు కళ్లారా చూసిందే రాయండి. ‘స్మగ్లర్లు’, ‘రాక్షసులు’ లాంటి మాటలు వద్దు. పరువు నష్టం కేసు పెట్టే అవకాశం వాళ్లకు మీరే ఇచ్చినట్టవుతుంది. ఆఫీసులో ఇచ్చాక ఇన్‌వార్డ్ నంబరు వేయించుకుని, స్టాంపు ఉన్న కాపీ ఇంటికి తెచ్చుకోండి. ‘ఇక్కడ పెట్టి వెళ్లండి, సార్ చూస్తారు’ అంటే వినకండి. స్పీడ్ పోస్టు రసీదు అయినా ఉండాలి.

రెండు మూడు వారాలు చూడండి. కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణికి వెళ్లి అదే కాగితం ఇవ్వండి. అక్కడ నమోదైన అర్జీకి జవాబు ఇవ్వమని కలెక్టరేట్ నుంచే శాఖకు వెళ్తుంది.

తర్వాత ఆర్‌టీఐ. 10 రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబు. ప్రశ్నలు చిన్నగా, విడివిడిగా ఉండాలి: నా ఫిర్యాదు మీద తనిఖీ ఏ తేదీన జరిగింది? పీఓఆర్ (అటవీ శాఖ రాసే ప్రాథమిక నేర నివేదిక) నమోదైతే నంబరు ఎంత? స్వాధీనం చేసుకున్న జంతువులు ఎన్ని? ఇప్పుడు ఎక్కడ ఉన్నాయి? ఫైలు మొత్తం కాపీ అడిగితే ‘దర్యాప్తులో ఉంది’ అని తిరస్కరించడం తేలిక, తేదీలు, నంబర్లు, అంకెలు అడిగితే అంత తేలిక కాదు. జవాబు రాకపోయినా, అసంపూర్తిగా వచ్చినా 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయండి.

ఇవన్నీ అయ్యాక కూడా ఏమీ జరగకపోతే ఇంకో దారి ఉంది. వన్యప్రాణి చట్టం 55వ సెక్షన్ ప్రకారం, ప్రభుత్వానికి కనీసం 60 రోజుల ముందు నోటీసు ఇచ్చి మామూలు పౌరుడు కూడా నేరుగా కోర్టులో ఫిర్యాదు చేయొచ్చు. ఈ నోటీసు లాయరు చేత రాయించండి. చాలాసార్లు కోర్టు దాకా వెళ్లాల్సిన పనే ఉండదు, నోటీసు అందాక ఫోన్ వస్తుంది. హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం ఆఖరి మెట్టు. అక్కడికి మీరు ఇంతవరకు పోగేసిన కాగితాలే బలం.

డబ్బు వచ్చే దారి మీద పని చేయండి

జంతువును తీసుకెళ్లాక ఆ బోను ఖాళీగా ఉండదు. టికెట్ కొనేవాళ్లు ఉన్నన్ని రోజులు ఇంకోటి వస్తుంది. అందుకే ఫిర్యాదుతో సమానంగా ఈ పని నడవాలి.

మొదట బడులు. డిసెంబరు, జనవరి నెలల్లో స్కూలు బస్సులు వరసగా రిసార్టుల ముందు ఆగుతాయి. ఒక్కో బస్సులో యాభై టికెట్లు. ప్రిన్సిపాల్‌ను తల్లిదండ్రులుగా కలవండి, ఉద్యమకారుల్లా కాదు. ‘మేడమ్, అక్కడ పిల్లల చేతికి ఇగ్వానా ఇస్తున్నారు. సరీసృపాల ఒంటి మీద సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండొచ్చు, కరిస్తే బాధ్యత ఎవరిది?’ అని అడిగితే పిక్నిక్ చోటు మారిపోతుంది. జంతువుల బాధ గురించి చెప్పడం తప్పు కాదు, అయితే ప్రిన్సిపాల్‌కు టెన్షన్ పుట్టించేది రెండో వాక్యమే. పిల్లలకు నిజంగా జింకలు చూపించాలంటే వనస్థలిపురం దగ్గర మహావీర్ హరిణ వనస్థలి ఉంది కదా.

తర్వాత ట్రావెల్ ఏజెన్సీలు. హైదరాబాద్ నుంచి థాయ్‌లాండ్ వెళ్లేవాళ్లకు ఇచ్చే ప్యాకేజీలో పులితో సెల్ఫీ, ఏనుగు సవారీ ఇంకా కనిపిస్తాయి. ఏజెంట్లలో చాలామందికి దీని గురించి ఏ అభిప్రాయమూ ఉండదు, అక్కడి ఆపరేటర్ పంపిన జాబితాను అలాగే అచ్చు వేస్తారు. బుకింగ్ చేసే ముందు ‘అన్నా, పులి, ఏనుగు ఐటమ్స్ తీసేసి రేటు చెప్పండి’ అని అడగండి. మీ కాలనీ నుంచి, ఆఫీసు నుంచి పది మంది వేర్వేరుగా అదే అడిగితే బ్రోచర్ మారుతుంది. ట్రిప్అడ్వైజర్ లాంటి పెద్ద కంపెనీయే 2016లో వన్యప్రాణులను తాకే కార్యక్రమాల టికెట్ల అమ్మకాన్ని మానేస్తున్నట్టు ప్రకటించింది. ఏనుగుకు స్నానం చేయించడం అయితే మంచిదేగా అనుకుంటారు చాలామంది. 2025 జనవరిలో థాయ్‌లాండ్‌లో అలా స్నానం చేయిస్తున్న స్పెయిన్ యువతిని ఏనుగు చంపేసింది. ఈ సంగతి ఏజెంటుకు చెప్పండి, ఇన్సూరెన్స్ భాష వాళ్లకు అర్థమవుతుంది.

గూగుల్ రివ్యూలు పని చేస్తాయి, నిజంగా వెళ్లినవాళ్లు రాస్తేనే. వెళ్లనివాళ్లంతా ఒకే రోజు ఒక్కో స్టార్ ఇస్తే గూగుల్ తీసేస్తుంది.

దేవుడి పేరుతో ఉన్న జంతువు అయితే

ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. మన ఊళ్లో బోనాల ఊరేగింపుకూ, మొహర్రంలో జరిగే బీబీ కా ఆలం ఊరేగింపుకూ ఏనుగు కావాలి. నెహ్రూ జూలోని రజనిని వీటికి తీసుకెళ్లేవాళ్లు. తర్వాత బయటి రాష్ట్రాల నుంచి తెప్పించడం మొదలైంది. అలా వచ్చినవాటిలో కొల్హాపూర్ దగ్గరి నాందణి జైన మఠానికి చెందిన మహాదేవి ఉంది, మాధురి అని కూడా పిలిచేవాళ్లు. దాన్ని తెలంగాణకు తిప్పడం మీద వచ్చిన ఫిర్యాదులు కేసులో భాగమయ్యాయి. 2025 జూలైలో బాంబే హైకోర్టు దాన్ని గుజరాత్‌లోని వనతారా జంతు సంరక్షణ కేంద్రానికి పంపమంది, సుప్రీంకోర్టు కూడా ఆ తీర్పును నిలబెట్టింది.

కోర్టులో గెలుపు పూర్తిగా వచ్చింది. కానీ ఏనుగు లారీ ఎక్కిన రోజు ఊరు ఊరంతా ఏడ్చింది. ఆ తర్వాత వేలమంది రోడ్డెక్కారు. దశాబ్దాలుగా దాన్ని చూస్తూ పెరిగినవాళ్లకు ఆ గొలుసు, ఆ గోళ్ల రోగం కనపడలేదంటే వాళ్లు క్రూరులని కాదు. ఏనుగు ఒంట్లో ఏముందో వైద్యుడి చేత వాళ్లకు చెప్పించే పని ముందే జరగాల్సింది. అదే మన పాతబస్తీలో అయితే విషయం ఒక్క పూటలో మతం గొడవగా మారగలదు. కాబట్టి ఇద్దరి ఊరేగింపుల గురించి ఒకే ఉత్తరంలో రాయండి, ఒక్కరి గురించే రాయకండి. ఆలయ కమిటీ పెద్దలను, ఆలం నిర్వాహకులను పండగకు నెలల ముందే కలవండి, పండగ వారంలో కాదు. చేతిలో ప్రత్యామ్నాయం ఉంచుకోండి. 2023లో కేరళలో త్రిశ్శూర్ జిల్లాలోని ఒక గుడి యాంత్రిక ఏనుగును పెట్టుకుంది, ఆ వీడియో చూపించొచ్చు. ‘డీజే చప్పుడుకు ఏనుగు బెదిరి జనం మీదికి వస్తే?’ అన్న ప్రశ్న పోలీసుల దగ్గర బాగా పని చేస్తుంది.

నాగుల పంచమికి బుట్టల్లో పాములు తెచ్చేవాళ్ల విషయంలో పని తేలిక. వాళ్లు ఎక్కడ తిరుగుతున్నారో అటవీ శాఖకు ఫోన్ చేస్తే ఆ రోజు బృందాలు సిద్ధంగానే ఉంటాయి. పాము పాలు తాగదని అత్తగారికి చెప్పడం మాత్రం మీ ఇంటి పని.

స్వాధీనం చేసుకునే రోజు, ఆ తర్వాత

అధికారులు వస్తున్నారని మీకు తెలిస్తే ఎవరికీ చెప్పకండి, మీడియాకు కూడా. ఇస్లామాబాద్‌లో కావన్ ఉన్న ఆ జూ నుంచే రెండు సింహాలను తరలించే రోజు, వాటిని పెట్టెల్లోకి తోలడానికి పనివాళ్లు బోనులో మంట పెట్టారు. రెండూ చనిపోయాయి. అందుకే పశువైద్యుడు రాకుండా జంతువును కదపొద్దని ముందే రాతపూర్వకంగా కోరండి. ఎండాకాలం అయితే తెల్లవారుజామున తరలించమని అడగండి. పంచనామాలో జంతువుల సంఖ్య, ఒంటి మీద గాయాలు రాశారో లేదో చూడండి. సాక్షిగా సంతకం అడిగితే చదివి పెట్టండి.

అది అయ్యాకే సోషల్ మీడియాలో రాయండి. అధికారుల పేర్లు పెట్టి ధన్యవాదాలు చెప్పండి. తర్వాతి ఫిర్యాదుకు మీరు మళ్లీ వాళ్ల దగ్గరికే వెళ్లాలి.

మూడు నెలల తర్వాత రెస్క్యూ సెంటర్‌కు ఇంకో ఆర్‌టీఐ పెట్టి జంతువు ఆరోగ్యం ఎలా ఉందో అడగండి. అదే నెలలో మీ గ్రూపులో రిసార్టు వాళ్లకు తెలియని ఒకరిని టికెట్ కొనుక్కుని పంపండి. బోను తీసేశారా, అలాగే ఉంచారా? అలాగే ఉంచితే లోపలికి ఏదో ఒకటి వస్తుంది, ఈసారి ఈము కావచ్చు, కుందేళ్లు కావచ్చు. కొత్తగా పెట్టిన జంతువును హింసిస్తున్నట్టు కనిపిస్తే మళ్లీ ఫిర్యాదు రాయండి, పాత ఇన్‌వార్డ్ నంబరు మొదటి లైనులోనే వేయండి. మొదటిసారి 1960 చట్టం కింద కూడా శిక్ష పడి ఉంటే, మూడేళ్లలోపు రెండోసారి చేసిన నేరానికి ఆ 50 రూపాయల జరిమానాతో వదిలేయాల్సిన పని లేదు, మూడు నెలల దాకా జైలు వేయొచ్చు.